డాలు వెనక నిలబడ్డవాడు

"అదుగో మాంత్రికుడు! ఆ బండ వెనక నక్కాడు! కొట్టండి!"

కేక ఆగీ ఆగకముందే బాణాలు రివ్వున వచ్చి బండకు తగిలి ముక్కలయ్యాయి. అరిందముడు నేలకు కరుచుకుపోయాడు. ఒక బాణం అతని జుట్టు దువ్వుకుంటూ వెళ్ళి వెనకున్న ముళ్ళపొదలో దిగబడింది.

బాణాలు వేస్తున్నవాళ్ళు శత్రువులు కారు. అతని సొంత సైనికులు. వాళ్ళలో చాలామందికి విల్లు పట్టడం నేర్పింది అతనే.

"గురి బాగానే నేర్పించారు దొరా," అన్నాడు పక్కనే బోర్లా పడుకున్న పోలడు, చెవిలో పడ్డ మట్టి దులుపుకుంటూ. "కాస్త బద్ధకంగా నేర్పించి ఉంటే ఇయ్యాళ మన ప్రాణాలకు సుఖంగా ఉండేది."

"నోరు మూసుకుని పాకు!"

"పాకుతూనే ఉన్నా. ఆ మొగం విప్పి మూటలో కట్టుకునే వీలుంటే ఇంత పాకులాట ఉండేదా, మీరే చెప్పండి!"

పోలడు అన్నది నిజమే. డేగసీమ రాకుమారుడు అరిందముడి ముఖం ఇప్పుడు అతని దగ్గర లేదు. దాన్ని కృకలాసుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. వేటకు వెళ్ళిన రాకుమారుణ్ణి వాడు మాయపొగతో పడగొట్టి, గుహలో బంధించి, మత్తులో ఉంచి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ఇష్టమైన వంట, చెల్లెలి ముద్దుపేరు, తాతముత్తాతల పేర్లు, పండుగనాడు చదవాల్సిన మంత్రాలు, అడిగినవన్నీ రాబట్టుకున్నాడు. ఆ తర్వాత ముఖాలు మార్చాడు. గొంతులూ మార్చాడు. ఒకరి ముఖం తీసుకోవాలంటే తన ముఖం ఇచ్చి తీరాలి. అది ఆ విద్యకున్న కట్టుబాటు. ఇద్దరిలో ఒకడు చస్తే, బతికినవాడికి ఎత్తుకున్న ముఖమే శాశ్వతమైపోతుంది.

అందుకే కృకలాసుడు అరిందముణ్ణి కొండకొమ్ము మీదనుంచి శ్వేతవాహిని నదిలోకి తోశాడు. గవ్వలాడి బతికే దేశదిమ్మరి పోలడు ఆ పూట వల వేసి చేపల కోసం కూర్చున్నాడు. చేపకు బదులు రాకుమారుడు పడ్డాడు.

ఇప్పుడు అరిందముడికి ఉన్నవి రాగిరంగు కనుబొమలు, పచ్చటి పిల్లికళ్ళు, చెవినుంచి గడ్డం దాకా కాలిన మచ్చ. నిరుడు వర్షాకాలంలో అతని తండ్రి ముసలి మహారాజుకు విషమిచ్చి పారిపోయిన ముఖం అది. డేగసీమలో ఆ ముఖాన్ని ఎరగని గొడ్లకాపరి లేడు. కనిపించగానే చంపమని ఆజ్ఞ ఇచ్చింది కూడా అరిందముడే!

కొండ చరియ అంచు దాకా పాకి ఇద్దరూ కిందికి జారారు. సరిగ్గా అప్పుడే తలమీద ఎండ మాయమైంది. ఒక నీడ వాళ్ళ మీదుగా మెల్లగా సాగిపోయింది. పోలడు పైకి చూసి కట్టెలా బిగుసుకుపోయాడు.

రెండు తలల పక్షి! గండభేరుండం! ఒక్కొక్క రెక్క పడవ తెరచాపంత ఉంది. నాలుగు కళ్ళూ నిప్పుకణికల్లా మండుతున్నాయి. కృకలాసుడి వాహనం అది. యజమాని కోసం దుర్గానికి ఎదుటి కాకిబండ మీద కాచుకుని, కొండమేకల్ని ఎత్తుకుపోతూ ఉంది. అది వాళ్ళ మీదికి వంగింది. చూసింది. ఒక్క మేకపిల్లను ఎత్తుకుపోవడానికి పట్టేంతసేపు కూడా ఆగకుండా తిరిగి పైకి లేచి కాకిబండ వైపు వెళ్ళిపోయింది.

"మనల్ని చూసింది గానీ ముట్టుకోలేదు దొరా! ఎందుకంటారు?"

"కడుపు నిండి ఉంటుంది. నడు!"

అరిందముడికి ఆలోచించే తీరిక లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా అతను డేగదుర్గం చేరాలి. ఆ రోజు పతాకోత్సవం. తండ్రి పోయాక వారసుడు మొదటిసారి జెండా ఎత్తే రోజు. తన ముఖం తగిలించుకున్న కృకలాసుడు జెండా ఎత్తడు. దాని మీది డేగ కళ్ళకు గంతలు కడతాడు. గుహలో వాడే ఆ మాట చెప్పి నవ్వాడు.

గంతలంటే గుడ్డముక్క కాదు. ఒకప్పుడు ఉగ్రబాహు చక్రవర్తి ముత్తాత డేగసీమను గెలవడానికి వచ్చి, మృగకనుమలో ఓడి, సంధి చేసుకున్నాడు. కనుమ నడుమ ఒక రాయి పాతించాడు. "ఈ నేల జెండా మీద డేగ కళ్ళు తెరిచి ఉన్నంతకాలం మా గుర్రాలు ఈ రాయి దాటవు" అని దాని మీద చెక్కించాడు. ఆ కళ్ళు మూసే హక్కు ఒక్క వారసుడికే ఉంది. వాడు తన చేత్తో గంతలు కట్టిన మరుక్షణం కనుమ తెరుచుకుంటుంది. రాయికి అవతల ఉగ్రబాహు సేన అప్పటికే గుడారాలు వేసుకుని కూర్చుంది.

చరియ కింద కొండజాతివాళ్ళ పాక ఉంది. ఉత్సవంలో ఆడే డేగ మొగాలు అక్కడ వరసగా వేలాడుతున్నాయి. కొయ్యతో చెక్కి, తెల్లసున్నం పూసి, ఎర్రముక్కు దిద్దిన పెద్ద పెద్ద ముసుగులు. ఆటగాళ్ళిద్దరు కల్లు ఎక్కువై గడ్డిమీద గురకలు పెడుతున్నారు.

పోలడు ఒక ముసుగు తీసి తలకు తగిలించుకున్నాడు. "నా పెళ్ళినాడు కూడా నాకింత అందం లేదు," అన్నాడు లోపలినుంచి. అరిందముడు రెండోది తగిలించుకున్నాడు.

డేగదుర్గం ఆ రోజు పెళ్ళికూతురిలా ఉంది. కొండను చెక్కి కట్టిన మేడల నుంచి ఎర్రని, తెల్లని తోరణాలు జలపాతాల్లా వేలాడుతున్నాయి. మెట్లవీధుల నిండా సంపెంగ వాసన, సాంబ్రాణి పొగ, తప్పెట్ల మోత. కొండజాతివాళ్ళు నెమలీకల తలపాగాలతో, ఏటిజాతివాళ్ళు గవ్వల మొలనూళ్ళతో బారులు తీరి ఉన్నారు. ఎన్నో తరాల కిందట ఒకరినొకరు నరుక్కున్న జాతులు అవి. రెండు జాతులూ ఒకే డాలు కిందికి వచ్చిన రోజే పతాకోత్సవమైంది. అందుకే రాజవంశపు డాలు మీద నడుమ కొండజాతి డేగ, చుట్టూ అంచున ఏటిజాతి రాగి అలలు ఉంటాయి.

అంత సందడిలోనూ జనం ముఖాల్లో నవ్వు లేదు. అందరి చూపులూ వేదిక ఎడమ పక్కకే పోతున్నాయి. అక్కడ చక్రవర్తి రాయబారి, వాడి వెనక జెండాల వరస. ఉగ్రబాహు మింగిన రాజ్యాల జెండాలు అవి. ఒకదాని మీద కొమ్ములు విరిగిన ఎద్దు. ఒకదాని మీద గోళ్ళు ఊడిన పులి. మరొకదాని మీద దంతాలు లేని ఏనుగు. గెలిచిన ఏ నేల జెండానూ చక్రవర్తి చింపడు. దాని మీది జంతువును అవిటిదాన్ని చేసి, ఊరేగిస్తాడు. వరస చివర ఒక జెండాకర్ర ఖాళీగా నిలబడి ఉంది.

"ఆ ఖాళీ కర్ర మన కోసమేనా దొరా?" పోలడు గుసగుసగా అడిగాడు.

అరిందముడు తల ఊపాడు. నోరు విప్పలేదు. అతని నోట వచ్చేది కృకలాసుడి గొంతు. పలికితే ప్రమాదం.

వేదిక మీద రాకుమారి తరళ నిలబడి ఉంది. వంశపు డాలును రెండు చేతులా పట్టుకుని, డేగను జనం వైపు తిప్పి పెట్టుకుంది. అన్న భుజానికి చెల్లెలే డాలు కట్టాలి. అది ఆచారం. డాలు మీద డేగ రెక్క పక్కనే పిడికిలి పట్టేంత చిల్లు. తాత వజ్రబాహు ప్రాణం తీసిన బల్లెపు పోటు అది. డేగసీమలో డాలు గాయాన్ని ఎవరూ పూడ్చరు.

తరళకు ఎదురుగా కృకలాసుడు నడిచి వచ్చాడు. అరిందముడు ముసుగు కన్నాల్లోంచి తన ముఖాన్ని తాను చూశాడు. తన నవ్వు, తన నడక. ఆ దొంగ డేగసీమ వీరులందరిలాగే ఎడమచేత్తో కత్తి దూసి నుదుటికి తాకించి వందనం చేశాడు. జనం "జయ జయ!" అన్నారు. అదీ నేర్చుకున్నాడు వెధవ!

సేనాని శార్దూలుడు ముందుకు వచ్చి, "డేగ మొగాలు అడగొచ్చు!" అని ప్రకటించాడు.

పతాకోత్సవంనాడు ముసుగు వేసుకున్నవాడు రాజును ఏమైనా అడగొచ్చు, ఎంతైనా ఎగతాళి చేయొచ్చు. ఒక్కొక్క ముసుగుకు ఒక్క ప్రశ్న. రాజు జవాబు చెప్పి తీరాలి. జవాబు వచ్చేదాకా జెండా ముట్టుకోరాదు.

మొదట ఒక లావుపాటి ముసుగు గెంతుతూ వచ్చింది. "రాకుమారా! నీకు మీసమెప్పుడు వస్తుంది?"

"నీ పెళ్ళానికి పోయిన మరునాడు," అన్నాడు కృకలాసుడు. జనం గొల్లుమన్నారు.

అరిందముడు పోలణ్ణి మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ అనుకున్న ప్రశ్న ఒకటుంది. పోలడు ముందుకు దూకి, చేతులు రెక్కల్లా ఆడించి, "చిన్ననాడు నిన్ను ఏట్లో పడేసిన గుర్రం పేరేంది?" అని అరిచాడు.

కృకలాసుడు కన్ను ఆర్పకుండా, "ఉల్క. పడేసింది ఏట్లో కాదు, బురదలో. నువ్వే ఆ బురద కడిగావా ఏమిటి?" అన్నాడు.

మళ్ళీ నవ్వులు. తరళ కూడా చిరునవ్వు నవ్వింది. గుహలో ఆ మాట కూడా అరిందముడు చెప్పేశాడన్నమాట! తను చెప్పనిదేది? వాడు అడగనిదేది? అడగాలని వాడికి తోచనిది, చెప్పాలని తనకూ తోచనిది ఏదైనా ఉందా?

కృకలాసుడు రాయబారి చేతినుంచి ఎర్రటి గంతల గుడ్డ అందుకున్నాడు. "ఇక ప్రశ్నలు లేనట్టే. జెండా తీసుకురండి," అన్నాడు. అంటూనే తరళకు ఎదురుగా ఆగి, డాలు వైపు తేరిపార చూశాడు, సంతలో వస్తువును చూసినట్టు.

అరిందముడికి ఒక్కసారి మెరుపు మెరిసినట్టయింది. ముసుగు కింద పెదవి కొరుక్కుని, జనాన్ని తోసుకుంటూ వేదిక ముందుకు దూకాడు.

"నాదొక ప్రశ్న!"

కృకలాసుడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొయ్యముసుగులో మందగించినా ఆ గొంతు తనదే! నదిలో చచ్చిపోయాడనుకున్నవాడు ఎదురుగా నిలబడి తన గొంతుతో తననే అడుగుతున్నాడు. అరువు ముఖం మీద చెమటలు పోశాయి. రాయబారి అనుమానంగా చూశాడు. శార్దూలుడు, "అడుగు," అన్నాడు. వద్దనడానికి వీల్లేదు.

"మీ తాత వజ్రబాహు ప్రాణం తీసిన పోటు డాలుకు ఏ పక్క తగిలింది?"

కృకలాసుడి చూపు గబుక్కున డాలు మీదికి పోయింది. చిల్లు కనబడింది. హమ్మయ్య అనుకున్నట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇదా ప్రశ్న? ఎడమ పక్క! సూటిగా గుండె మీద. అందుకే మహావీరుడు కూడా కూలిపోయాడు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. తప్పెట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

డేగసీమలో తల్లి బిడ్డను డాలు వెనక నిలబెట్టి, పట్టీలు పట్టించి, ఇది నీ కుడి, ఇది నీ ఎడమ అని నేర్పుతుంది. గోడకు వేలాడే డాలుకైనా కుడిఎడమలు దాన్ని పట్టినవాడివే, చూసేవాడివి కావు. ఆ నేల మీద పుట్టిన గుడ్డివాడు కూడా పొరపాటు పడని సంగతి అది. తరళ మెల్లగా తల వంచి చూసుకుంది. చిల్లు ఆమె కుడిచేతి పక్కన ఉంది.

ముసుగు మళ్ళీ మాట్లాడింది. "పోటు కుడి పక్క తగిలింది. కుడిభుజం తెగిపోయింది. వజ్రబాహు డాలును మెడకు తగిలించుకుని, ఎడమచేత్తో కత్తి దూసి, పొద్దుగూకేదాకా పోరాడి చనిపోయాడు. అందుకే ఈ నేల మీద అందరం ఎడమచేత్తో వందనం చేస్తాం. ఇందాక నువ్వూ చేశావు. ఎందుకో తెలియకుండా చేశావు! డాలును ఎదుటినుంచి చూసేవాడు ఒక్కడే ఉంటాడు. దాని మీదికి కత్తి ఎత్తి వచ్చినవాడు!"

"వాడి ముసుగు లాగండి!" కృకలాసుడు పిచ్చెత్తినట్టు అరిచాడు. "వాడి ముఖం చూడండి! చూశాక నమ్మండి!"

తనే ఒక్క గంతులో వచ్చి కొయ్యముఖాన్ని పెరికి విసిరేశాడు. జనం హాహాకారాలు చేశారు. రాగి కనుబొమలు. కాలిన మచ్చ. మహారాజును చంపిన ముఖం.

"చూశారా! వీడే కృకలాసుడు!"

కత్తులన్నీ ఒకేసారి ఒరలు దాటాయి. అరిందముడి మెడచుట్టూ మొనలు. పోలడు, "అయ్యో, కొట్టకండయ్యా, మొగం వేరే, మడిసి వేరే!" అని మొత్తుకుంటున్నాడు గానీ ఎవరు వింటారు?

"ఆగండి," అంది తరళ.

ఆమె డాలుతో వేదిక దిగి వచ్చింది. ఒకవైపు అన్న ముఖంతో డాలు చదవలేనివాడు. మరోవైపు తండ్రిని చంపిన ముఖంతో డాలు చదివినవాడు.

"తరళా! వాడు మన తండ్రిని పొట్టనపెట్టుకున్నవాడమ్మా!" అన్నాడు కృకలాసుడు అన్న గొంతుతో. "ఆ ముఖం మరిచిపోయావా?"

"మరిచిపోలేదు. కానీ నేనిప్పుడు ముఖాలు చూడటం లేదు. ఎవరు ఎటు నిలబడ్డారో చూస్తున్నాను," అంటూ ఆమె డాలును వెనక్కి తిప్పింది. తోలుపట్టీలు అరిందముడి వైపు చాపింది. "కట్టుకో అన్నా."

మెడచుట్టూ మొనలు దిగాయి. అరిందముడి చెయ్యి పట్టీల్లోకి దూరింది.

శార్దూలుడు విల్లు ఎక్కుపెట్టాడు. ఈసారి గురి కృకలాసుడి గొంతుకు. ఆ ముసలి సేనాని గురి ఎన్నడూ తప్పలేదు. తాడు మోగింది. అంతే, అరిందముడు ఎగిరి ఆ నడుమ దూకాడు! బాణం డాలుకు ఠంగున తగిలి పక్కకు దొర్లింది.

"వద్దు! వాడు చస్తే నా ముఖం ఎప్పటికీ..."

మాట పూర్తి కాలేదు. కృకలాసుడికి ఆ రెప్పపాటే చాలింది. జెండా పట్టుకున్నవాణ్ణి కాలితో తన్ని, జెండా లాక్కుని, రాయబారి గుర్రం మీదికి లంఘించాడు. రాయబారి కోసం తెరిచి ఉంచిన ద్వారంలోంచి దూసుకుపోయాడు. గంతల గుడ్డ వాడి పిడికిట్లోనే ఉంది.

"కనుమకు పోతున్నాడు!" శార్దూలుడు నుదురు కొట్టుకున్నాడు. "సంధిరాయి ఎదుట, చక్రవర్తి సేన చూస్తుండగా, వారసుడి ముఖంతో గంతలు కడతాడు. వాళ్ళకు ఆ సాక్ష్యం చాలు. మనమిక్కడ ఎంత అరిచినా ఎవడు వింటాడు? ఆ గుర్రాన్ని అందుకునే గుర్రం మన శాలలో లేదు రాకుమారా!"

తరళ అన్న వైపు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, కోపమూ ఉంది.

"ముఖం నీదే అన్నా, కాదనను. జెండా మాత్రం అందరిదీ."

అరిందముడికి చెంపమీద కొట్టినట్టయింది. డాలు బిగించుకుని కొండ వైపు తిరిగాడు. కాకిబండ మీద నల్లటి రెక్కలు ఎండలో మెరుస్తున్నాయి.

"పోలా! పొద్దున ఆ పక్షి మనల్ని ఎందుకు ముట్టుకోలేదన్నావు?"

"వద్దు దొరా. మీ మనసులో ఉన్నది నాకు తెలిసింది. వద్దు."

"అది చూసింది దాని యజమాని ముఖాన్ని!"

అరిందముడు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. ఏమీ జరగలేదు. అప్పుడతను గుండెలనిండా ఊపిరి పీల్చి, కృకలాసుడి గొంతుతో కొండలు మారుమోగేలా, "ఎక్కడ చచ్చావ్? రా!" అని గద్దించాడు.

గండభేరుండం కాకిబండ మీదనుంచి రాయి జారినట్టు దిగింది. జనం చెల్లాచెదురయ్యారు. అది రెండు తలలూ నేలకు ఆన్చి అతని కాళ్ళ ముందు మోకరిల్లింది. అరిందముడు మెడల నడుమకు ఎక్కి, పోలణ్ణి జుట్టు పట్టి వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మో! గవ్వలాడుకుని బతికేవాణ్ణి, నాకు రెక్కలెందుకు!" అన్న పోలడి ఏడుపు మేఘాల్లో కలిసిపోయింది.

కింద శ్వేతవాహిని వెండితీగలా మెలికలు తిరుగుతోంది. దేవదారు అడవులు పచ్చికలా కనబడుతున్నాయి. కనుమదారిలో దుమ్ము రేపుతూ ఒక్క గుర్రం. దాని మీద రెపరెపలాడే జెండా. దానికి ముందు సంధిరాయి. రాయికి అవతల బల్లేల అడవి.

కృకలాసుడు ముందే చేరాడు. గుర్రం దిగి, జెండాను రాయి మీద పరిచి, "డేగసీమ వారసుణ్ణి! నా చేత్తో గంతలు కడుతున్నాను, చూడండి!" అని అరుస్తున్నాడు. గుడ్డ డేగ కళ్ళ మీదికి దిగుతోంది.

గండభేరుండం రెక్కల గాలికి గుడారాలు ఎగిరిపోయాయి. అది సంధిరాయి పక్కన వాలగానే ముందువరస సైనికులందరూ బల్లేలు దించి మోకాళ్ళ మీద పడ్డారు.

"కృకలాస స్వామీ!"

అరిందముడు ఒక్క క్షణం తడబడ్డాడు. మరుక్షణమే పక్షి దిగి, ఆ పచ్చటి కళ్ళను ఉరిమి చూసేలా తిప్పాడు. శత్రుసేనలో తనకింత గౌరవం ఉంటుందని అతను కలలో కూడా అనుకోలేదు!

"మూర్ఖులారా! చూస్తూ కూర్చున్నారేం? వాడు చక్రవర్తిని మోసం చేయడానికి వచ్చాడు! జెండా లాక్కోండి. ఆ గంతలు వాడి కళ్ళకే కట్టండి!"

సైనికులు రాయి దాటకుండానే చేతులు చాచి కృకలాసుణ్ణి అవతలికి లాక్కున్నారు.

"నేనురా కృకలాసుణ్ణి! వాడు కాదు! నేను!" అని వాడు గింజుకున్నాడు.

"ఆయన మొగం మాకు తెలీదంటావా పిల్లోడా?" అన్నాడొక సైనికుడు నవ్వుతూ, గంతలు బిగించి ముడివేస్తూ. మరొకడు వాడి నోట్లో గుడ్డ కుక్కాడు. పోలడు పక్షి మీదనుంచి దొర్లి, పరుగున వచ్చి, జెండాను చుట్టి చంకలో పెట్టుకున్నాడు. డేగ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"ఇంకెందుకు దొరా, ఎగిరిపోదాం పదండి!" అన్నాడు గొంతు తగ్గించి.

"వాణ్ణి కూడా ఎక్కించు. వాడితో పని ఉంది."

అప్పుడే గుడారాల నడుమనుంచి చప్పట్లు వినిపించాయి. నెమ్మదిగా, తీరుబడిగా. సైనికులు రెండు పాయలుగా చీలిపోయారు. బంగారు కవచంలో ఆజానుబాహువు ఒకడు నడిచి వచ్చాడు. నెరిసిన గడ్డం, నవ్వని కళ్ళు. ఉగ్రబాహు చక్రవర్తి!

"బాగుంది కృకలాసా. చాలా బాగుంది," అంటూ సైనికులను వెనక్కి జరగమని చేత్తో సైగ చేశాడు. వాళ్ళు దూరమయ్యాక అరిందముడికి మాత్రమే వినబడేలా, రాయి మీదికి వంగి చెప్పాడు.

"వాణ్ణి ముఖం మార్చుకుని వెళ్ళమన్నది నేనే. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేనొకణ్ణి. రెండోవాడు అదుగో, నోట్లో గుడ్డతో, కళ్ళకు గంతలతో మోకాళ్ళ మీద ఉన్నాడు. మరి నువ్వెవరివి?"

పోలడు జెండాను చంకలో అదుముకున్నాడు. గండభేరుండం ఒక తల చక్రవర్తి వైపు, ఒక తల అరిందముడి వైపు తిప్పింది.

అరిందముడు సంధిరాయికి ఇవతల, తన నేల మీదికి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. డాలు పట్టీని మెడకు తగిలించుకున్నాడు. తాత కాలపు చిల్లు అతని కుడిభుజం పక్కకు వచ్చి ఆగింది. డేగ చక్రవర్తి కళ్ళలోకి చూస్తోంది.

అతను ఎడమచేత్తో కత్తి దూశాడు.